మూత కింద తేదీలు

నా కథ ఇంతవరకూ చదివినవాళ్లకి నా మీద పెద్ద గౌరవమేమీ మిగిలి ఉండదు. మధ్యలో చేరినవాళ్ల కోసం, ఆ గౌరవం ఎలా పోయిందో క్లుప్తంగా చెప్పేస్తాను. పదకొండు బ్రాంచిలున్న ఒక జిమ్ కంపెనీలో నా పని ఆ బ్రాంచిలను ఒకదాంతో ఒకటి పోల్చడం. మూడు నెలలకోసారి ఒక్కో బ్రాంచికీ మామూలు మెంబరులా వెళ్లి, చెమట పట్టేదాకా పరిగెత్తి, స్నానం చేసి, నలభై ప్రశ్నల కాగితం నింపి మార్కులేస్తాను. హెడ్డాఫీసులో నన్ను మార్కులమ్మ అంటారు, నేను లిఫ్టు దిగి వెళ్లిపోయాక. తొమ్మిది రోజుల కిందట స్టేషన్ బ్రాంచిలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ట్రెడ్‌మిల్ మీంచి పడి తుంటి విరగ్గొట్టుకుంది. అక్కడ హెడ్ ట్రైనరు మా బావ, అంటే మా అక్క భర్త. మనిషి పడబోతే బెల్టుని ఆపడానికి మెషిన్‌కి ఉండే ఎర్ర తాడు క్లిప్పు ఆవిడ చొక్కాకి తగిలించకుండానే నడిపించాడని, అది నిర్లక్ష్యమని కంపెనీ అంటోంది. రేపు పొద్దున పదింటికి విచారణ. తప్పు తేలితే బావ ఉద్యోగం పోవడంతో ఆగదు, ఈ ఊళ్లో ఇంకే జిమ్మూ ఆయన్ని గుమ్మం తొక్కనివ్వదు. విచారణలో ఆధారంగా పెట్టబోయేది నా మార్కుల పట్టికనే. అందులో స్టేషన్ బ్రాంచిది పదకొండో స్థానం. నిన్న అక్క ఫోన్ చేసి, "రేపు మధ్యాహ్నం రా. టవర్ బ్రాంచి కాగితాలు కూడా పట్టుకురా," అని పెట్టేసింది. బావ గొడవకీ టవర్ బ్రాంచికీ ఏం సంబంధమో నాకు అంతుబట్టలేదు.

స్టేషన్ బ్రాంచి టైర్ల షాపు పైన ఉంటుంది. మెట్లెక్కుతుంటే వచ్చే రబ్బరు వాసన కింద షాపుదో, పైన మా చాపలదో ఎవరూ తేల్చలేదు. రైలు వెళ్లినప్పుడల్లా గోడకున్న అద్దం వణుకుతుంది, అందులో బరువులెత్తే మనిషీ వణుకుతాడు. లాకర్లలో మూడో వంతుకి తాళం పడదు. వేణ్ణీళ్లు మొదట వచ్చిన ఆరుగురికే. ఇవన్నీ నా కాగితంలో ఉన్నాయి, ఒక్కోదానికీ ఎన్ని మార్కులు పోయాయో పక్కనే ఉంది.

టవర్ బ్రాంచి పంతొమ్మిదో అంతస్తులో ఉంది. అక్కడ గోడలన్నీ గాజే. తువ్వాళ్లు చుట్టలు చుట్టి వెచ్చగా ఇస్తారు, నేలమీద నిమ్మకాయ వాసన, పరిగెత్తేవాళ్ల ముందు ఆకాశం. మా కంపెనీ బోర్డుమీది బొమ్మ ఆ బ్రాంచిదే. మాల్ బ్రాంచిలో మెషిన్లకన్నా అద్దాలెక్కువ, చెమట పట్టకముందే ఫొటోలు తీసుకుని వెళ్లిపోయేవాళ్లు ఇంకా ఎక్కువ. హాస్పిటల్ రోడ్డు బ్రాంచికి డ్యూటీ దిగిన నర్సులొచ్చి సైకిలు మీద కూర్చునే కునుకు తీస్తారు. నాలుగేళ్లుగా ఇవన్నీ తూచి తూచి రాశాను. మొదటి స్థానం టవర్‌కో మాల్‌కో, చివరి స్థానం మా బావకి. ఈ ఉద్యోగం నాకు వేయించింది కూడా ఆయనే.

పైకి వెళ్లేసరికి అక్క రిసెప్షన్ బల్ల వెనక కూర్చుని ఉంది. ఆ బల్ల దగ్గర పద్నాలుగేళ్లుగా ఆవిడే కూర్చుంటోంది. నన్ను చూసి కుర్చీ వైపు చెయ్యి చూపించింది. బావ లోపల మూడో నంబరు ట్రెడ్‌మిల్ పక్కన నేలమీద బాసింపట్టు వేసుకుని ఉన్నాడు, చేతిలో స్క్రూడ్రైవరు. యాభై నాలుగేళ్ల మనిషి, ఇప్పటికీ చెయ్యి ఆనించకుండా లేస్తాడు.

"వచ్చావా మరదలా," అన్నాడు, ఏమీ జరగనట్టు. "మంచినీళ్లు తాగావా?"

"మర్యాదలు తర్వాత," అంది అక్క. నా వైపు తిరిగి, "మార్చి నెల టవర్ కాగితం తియ్. ట్రెడ్‌మిల్లుల దగ్గర ఏం రాశావో పైకి చదువు."

బళ్లో పాఠం ఒప్పజెప్పమన్నట్టు అడిగింది. నాకు చిర్రెత్తుకొచ్చింది, అయినా చదివాను. "ఏడో నంబరు. వేగం ఆరు దాటితే బెల్టు ఒక్క క్షణం పట్టేసి వదులుతోంది. పడిపోబోయి పట్టుకున్నాను. నాలుగు మార్కులు కోత."

"జూన్?"

"గత తనిఖీలో రాసిన లోపం ఇంకా ఉందా, అని ప్రశ్న. ఏడో నంబరు మీద పది నిమిషాలు పరిగెత్తాను. వెన్నలా ఉంది." కాగితం మడిచాను. "సరిదిద్దారు అని టిక్కు పెట్టాను. కోసిన నాలుగూ తిరిగిచ్చాను. ఇందులో తప్పేముంది?"

"కింద సంతకం?"

"నాదే. ఇంకెవరిది ఉంటుంది?"

అక్క బావకేసి చూసింది. బావ చూపు దించుకుని స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు. ట్రెడ్‌మిల్‌కి ముందువైపు మోటారు మీద వెడల్పాటి ప్లాస్టిక్ మూత ఒకటి ఉంటుంది. నేను వందలసార్లు ఆ మూతల పక్కనుంచి నడిచాను, దుమ్ముందేమో వేలితో తుడిచి చూశాను, దుమ్ముకి మార్కులు తీశాను కూడా. అందులో ఒక్కటైనా ఎత్తి చూడాలని ఏనాడూ తోచలేదు. బావ దాన్ని ఊడదీసి తిప్పి నా ఒళ్లో పెట్టాడు.

లోపలి వైపు నల్ల మార్కరుతో రెండు వరసలు రాసి ఉన్నాయి. మొదటిది, టవర్ 7, దాని పక్కన రెండేళ్ల కిందటి తేదీ. రెండోది, స్టేషన్ 3, మార్చి 14.

"మెకానిక్కుల అలవాటు ఇది," అన్నాడు బావ మెల్లగా. "మెషిన్ ఏ బ్రాంచిలో దింపితే ఆ బ్రాంచి పేరూ తేదీ మూత లోపల రాసుకుంటారు. బెల్టు ఎన్నాళ్లు తిరిగిందో వాళ్లకి తెలియాలిగా. బయట స్టిక్కరు మాత్రం మారిపోతుంది. అక్కడ ఏడు, ఇక్కడ మూడు."

నేను టవర్‌లో పడబోయింది మార్చి పదకొండున. మూడు రోజులకి ఆ మెషిన్ వ్యానెక్కి ఇక్కడికొచ్చింది. అక్కడ కొత్త మెషిన్ పెట్టి దానికి ఏడో నంబరు అంటించారు. నేను జూన్‌లో వెళ్లి ఆ కొత్త దానిమీద పరిగెత్తి, సరిదిద్దారు అని రాసి చక్కా వచ్చాను. ఎవరూ ఏదీ సరిదిద్దలేదు. నా కాగితంలో అడిగింది లోపం ఈ బ్రాంచిలో ఇంకా ఉందా అని మాత్రమే. లోపం వెళ్లిపోయింది, నిజమే. ఎక్కడికి వెళ్లిందని అడిగే గడి ఆ నలభై ప్రశ్నల్లో లేదు. ఆ ప్రశ్నలు తయారుచేసింది కూడా నేనే.

"మిగతావి?" అన్నాను.

"ఆరింట్లో నాలుగు టవర్‌వే. ఒకటి మాల్‌ది. ఒకటి హాస్పిటల్ రోడ్డు నుంచి." బావ మూత నా ఒళ్లోంచి తీసుకున్నాడు. "నువ్వెక్కడ మార్కులు తీసేస్తే అక్కడి మెషిన్ ఇక్కడికి బయల్దేరుతుంది. ఎవణ్ణీ తప్పు పట్టడానికి లేదు. మార్కులు కావాలంటే మరి ఏం చేస్తారు వాళ్లు?"

నాకు సిగ్గు రావాల్సిన చోట ముందు కోపమొచ్చింది. నేనంతే. "మరి ఈ సంగతి నాకెందుకు చెప్పలేదు బావా? జూన్‌లో వచ్చాను కదా. ఇక్కడే కూర్చున్నాను కదా."

"చెప్పాడు," అంది అక్క.

బల్ల సొరుగు లాగి ఒక అట్టముక్క తీసింది. దానిమీద బావ రాత: వాడొద్దు. రెండు చిల్లులు, వాటికి దారం. అట్టని బల్లమీద నా ముందుకి తోసి, "జూన్‌లో నువ్వొచ్చినరోజు ఇది మూడో నంబరు మెడలో వేలాడుతోంది. మూడోదీ అయిదోదీ పట్టేస్తున్నాయి చూడవే అని మీ బావ నీకు చెప్పాడు. నా ముందే చెప్పాడు. నువ్వేం రాశావో అదీ చదువు," అంది.

ఆ కాగితం తియ్యక్కర్లేదు, నాకు నోటికొచ్చు. ఆరింట్లో రెండు మెషిన్లు మూలపడ్డాయి. పది మార్కులు కోత. సిబ్బందికి సాకులు చెప్పే అలవాటు ఉంది.

ఎందుకలా రాశానో చెప్పాలి, చెప్పినంత మాత్రాన పాపం తగ్గదు గానీ. నాలుగేళ్లుగా నాకున్న భయమల్లా ఒక్కటే, బావ బ్రాంచిని వెనకేసుకొస్తోందని ఎవరైనా అంటారేమోనని. అందుకని అక్కడికి వెళ్లినప్పుడు అక్క నవ్వినా నవ్వేదాన్ని కాదు. వేరేచోట రెండు మార్కులు పోయే తప్పుకి ఇక్కడ నాలుగు తీసేదాన్ని. ఆర్నెల్లకోసారి పెద్దసారు, అంటే మా బ్రాంచిలన్నిటికీ పైఅధికారి, "మీకు సొంతమనిషని కూడా లేదు మేడమ్," అని మెచ్చుకునేవాడు. ఆ మెప్పుని నేను ఇంటికి తెచ్చుకుని అపురూపంగా దాచుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు కంపరమెత్తుతోంది.

"నీ పది మార్కులు పడ్డ వారానికి పెద్దసారు మెయిలు," అంది అక్క. "మూలపడ్డ మెషిన్ల వల్ల మీ స్థానం దిగజారుతోంది, వెంటనే బోర్డులు తీసి వాడుకలోకి తేవాలి, లేకపోతే బ్రాంచి మూసేస్తాం అని. మీ బావ అట్ట తీసి నా చేతికిచ్చాడు. నేను సొరుగులో పడేశాను. ఆ మెషిన్ ఎక్కింది టీచరమ్మ. ఇదీ సంగతి. ఇప్పుడు చెప్పవే, నీ పట్టికలో ఎన్నో స్థానం నాది?"

టీచరమ్మని నేను చాలాసార్లు చూశాను. డెబ్బై దాటిన మనిషి, రోజూ తొమ్మిదింటికొచ్చేది, వేగం మూడు మీద పావుగంట, నాలుగు మీద పావుగంట. పడటానికి వారం ముందు నుంచీ ఆరు కూడా దాటుతోందని బావ మురిసిపోయాడట. ఆవిడ మోకాళ్ల సంగతి, బీపీ సంగతి, ఏ రోజు ఎంతసేపు నడిచిందో ఆ సంగతి ఒక అట్టమీద రాసి గోడకి తగిలించాడు. అలాంటి అట్టలు ఆ గోడకి నూటపది దాకా ఉన్నాయి, మనిషికొకటి. మిగతా పది బ్రాంచిల్లో ఒక్కచోటా అలాంటిది లేదు. దానికి మార్కులు లేవు కాబట్టి నేనెప్పుడూ వాటిని చదవలేదు.

"క్లిప్పు?" అన్నాను బావతో. "అదొక్కటి చెప్పు. పెట్టావా లేదా?"

"నా చేత్తో నేనే పెట్టాను. చొక్కా అంచుకి." బావ మూత యథాస్థానంలో ఆనించి దానిమీద చెయ్యి వేసుకున్నాడు. "అయినా పిచ్చిదానా, క్లిప్పు లాగితే ఏమవుతుంది? బెల్టు ఆగుతుంది. ఈ మెషిన్‌కి రోగమే ఆగడం. నడుస్తున్న మనిషి కాళ్లకింద అది ఆగిపోయాక క్లిప్పు ఉంటేనేం, లేకపోతేనేం?"

ఇంత చిన్న విషయం విచారణ కాగితాల్లో ఎక్కడా లేదు. పెద్దసారుకి తెలియక కాదు. మెషిన్ మాట ఎత్తితే మూత ఎత్తాలి.

"రేపు పదింటికి నేను చెప్తాను," అన్నాను. "ఈ మూత తీసుకెళ్లి బల్లమీద పెడతాను. సరిదిద్దారు అని రాసింది నేనే, అది అబద్ధమని తెలియక రాశాను, బోర్డు తీయించింది నా మార్కులే అని చెప్తాను. ఉద్యోగం పోతే పోనీ." చెప్తుంటే నాకు హాయిగా కూడా అనిపించింది. ఇన్నాళ్లకి ఒక మంచిపని చెయ్యబోతున్నానని, అక్క ముందు కాస్త తలెత్తుకోవచ్చని.

"వద్దు," అన్నాడు బావ.

"ఎందుకొద్దు?"

"వద్దంటే వద్దు. ఇంటికెళ్లు."

"ఎందుకొద్దో నేను చెప్తాను," అంది అక్క. ఇంతసేపూ గొంతు పెంచలేదు, ఇప్పుడూ పెంచలేదు. "చెప్పడానికి ఏమీ మిగల్చలేదు మీ బావ. ఈ మూత సంగతి ఆయనకి వారం కిందటే తెలుసు. ఇది బయటపడితే కంపెనీ టవర్ మేనేజర్ని పట్టుకోదు, సంతకం పెట్టినదాన్ని పట్టుకుంటుంది అన్నాడు. దానికి ఉద్యోగం వేయించింది నేను, నా చేతులమీదుగా దాన్ని రోడ్డున పడెయ్యను అన్నాడు. పొద్దున పెద్దసారు పిలిపిస్తే వెళ్లి, క్లిప్పు పెట్టడం మరిచాను, తప్పు పూర్తిగా నాదే అని రాసిచ్చి వచ్చాడు. నీ సంతకాన్ని కాపాడ్డానికి నా మొగుడు తన సంతకం పెట్టాడు. తెలిసిందా?"

బావ నా వైపు చూడటం లేదు. తప్పు చేసి దొరికిపోయినవాడిలా స్క్రూలు ఒక్కొక్కటీ అరచేతిలో దొర్లిస్తున్నాడు. ఈ మనిషికి నేను నాలుగేళ్లు వరసగా అడుగు స్థానం వేశాను. ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. నాకు ఏడుపొచ్చింది, అక్క ముందు ఏడవడానికి మొహం చెల్లలేదు.

"నన్నడగకుండా ఎందుకు రాశావు బావా?" అన్నాను చివరికి.

"అడిగితే రాయనిచ్చేదానివా?" అన్నాడు. "ఒకవేళ రాయనిచ్చి ఉంటే అది ఇంకా బాధ కదా."

అప్పుడే మెట్లమీద బూట్ల చప్పుడైంది. కంపెనీ మెకానిక్, చేతిలో తోపుడు బండి, నడుముకి పనిముట్ల సంచి. మూత లోపల మార్కరుతో రాసేది ఈయనే. మమ్మల్నీ, ఊడదీసిన మూతనీ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మూడో నంబరు తీసుకెళ్లమన్నారండీ," అన్నాడు. "స్క్రాపుకి."

"విచారణ రేపైతే స్క్రాపు ఇవాళా?" అంది అక్క.

"నాకేం తెలుసమ్మా. ఇప్పుడే తెమ్మన్నారు. పరుగున రమ్మన్నారు."

నేను లేచి మెషిన్‌కీ ఆయనకీ మధ్య నిలబడ్డాను. "ఇది కదలదు. నేను తనిఖీ ఆఫీసర్ని. రేపు విచారణలో ఇది కావాలి."

మెకానిక్ పాపం నన్ను తోసెయ్యలేడు, ఒట్టి చేతుల్తో తిరిగి వెళ్లనూ లేడు. ఫోన్ తీసి పెద్దసారుకి కలిపాడు. నేనే చెయ్యి చాచి దాన్ని తీసుకుని, అక్కకీ బావకీ వినబడాలని స్పీకరు నొక్కి బల్లమీద పెట్టాను. నా ధైర్యం వాళ్లు వినాలన్న కోరిక కూడా కాస్త ఉంది, అబద్ధమెందుకు.

"సార్, మూడో నంబరు ట్రెడ్‌మిల్ ఇక్కడే ఉంటుంది," అన్నాను. "అది టవర్‌లో చెడిపోయిన ఏడో నంబరు. సరిదిద్దారు అని తప్పు రాసింది నేను. రేపు పదింటికి ఈ మాటే చెప్తాను. మా బావ రాసిచ్చింది నిజం కాదు."

పెద్దసారు చాలా నెమ్మదిగా, కోపం లేకుండా మాట్లాడాడు.

"రేపు విచారణ లేదమ్మా. మీకింకా తెలిసినట్టు లేదు. టీచరమ్మగారు ఇందాక ఒంటిగంటకి పోయారు. ఆపరేషన్ తర్వాత రక్తం గడ్డకట్టిందట. ఇది ఇంక కంపెనీ చేతిలో లేదు. వాళ్లమ్మాయి కేసు పెట్టింది. పోలీసులు కాగితాలడిగితే మీ బావగారు రాసిచ్చింది ఇచ్చాం. ఇవ్వకుండా ఎలా కుదురుతుంది? వాళ్లు అక్కడికే బయల్దేరారు. మీరు చెప్పేది ఏదైనా ఉంటే వాళ్లకే చెప్పండి. కాకపోతే ఒక్క మాట. మీరన్నట్టు ఆ తప్పు రాత మీదైతే, అరెస్టయ్యేది ఎవరో బాగా ఆలోచించుకుని చెప్పండి. మెషిన్ మాత్రం ఇప్పుడే పంపించెయ్యండి."

ఫోన్ ఆగిపోయింది. మెకానిక్ దాన్ని తీసుకుని, "నేను కింద ఉంటానండీ," అని బండి అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

బావ లేచి గోడ దగ్గరికి నడిచాడు. టీచరమ్మ అట్ట తీసి చేత్తో పట్టుకుని, తుడవడానికి ఏమీ లేకపోయినా తుడిచాడు. "ఆవిడకి ఒక్కతే కూతురు," అన్నాడు. "వాళ్లింటికి మన వాళ్లెవరైనా వెళ్లారో లేదో."

అక్క ఆయన మాట వినిపించుకోలేదు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి నా ఎదురుగా నిలబడింది. ఇందాకటి కోపం మొహంలో లేదు, నన్ను బతిమాలడం కూడా ఇష్టం లేదు ఆవిడకి.

"ఇందాక ఉద్యోగం పోతే పోనీ అన్నావు," అంది. "ఇప్పుడు పోయేది ఉద్యోగం కాదు. ఇప్పుడు కూడా చెప్తావా?"

చెప్తాను అనడానికి నోరు తెరిచాను. అయిదు నిమిషాల కిందట అంత తేలిగ్గా వచ్చిన ఆ మాట ఎంత ప్రయత్నించినా రాలేదు. కింద టైర్ల షాపు ముందు జీపు ఆగింది. ఎవరో తలుపు వేసి, జిమ్ముకి దారెటని మెకానిక్‌ని అడుగుతున్నారు. అక్క ఇంకా నా నోటికేసే చూస్తోంది.